జాదూఘరులో పేరు చీటీలు

కలకత్తా వెళ్ళి వచ్చిన మనవాళ్ళని ఏమేం చూశారని అడగండి. కాళీఘట్టం, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, హౌరా వంతెన, విక్టోరియా స్మారక మందిరం అని వరసగా చెప్పి, చివర "ఇంకా పొద్దుంటే మ్యూజియం కూడా చూశాం లెండి" అంటారు. అందులో ఏం చూశారని మళ్ళీ అడిగితే, పిల్లలు మమ్మీని చూశామంటారు. మగవాళ్ళు తిమింగలం ఎముకలు చూశామంటారు. ఆడవాళ్ళు మటుకు నిజం చెబుతారు: "ఏం చూశామో ఏమో, కాళ్ళు లాగేశాయి."

నేనూ అక్కడ రెండు మూడుసార్లు కాళ్ళు లాగించుకున్నవాణ్ణే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కలకత్తా మ్యూజియంతో ఏం పని అంటారేమో. పని ఉంది. దానిలో చేరిన కొన్ని వస్తువుల వెనక మన తెలుగువాళ్ళ చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పే చీటీ మాత్రం నాకు ఏ గదిలోనూ కనిపించలేదు. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా పేర్ల గొడవ తీర్చుకోవాలి. ఆ ఊరి పేరు 2001 నుంచి కోల్‌కతా. పాత కథ చెబుతున్నాను గనక పాత పేరే వాడతాను. మ్యూజియం అసలు పేరు ఇండియన్ మ్యూజియం. బెంగాలీలు మాత్రం జాదూఘర్ అంటారు, అంటే ఇంద్రజాలపు ఇల్లన్నమాట. దొరలు విజ్ఞానశాల అని కట్టిస్తే, జనం దాన్ని గారడీ ఇల్లు చేసుకున్నారు. ఆ పేరులో కొంత అమాయకత్వం ఉన్నా, కొంత వివేకం కూడా ఉంది. గారడీవాడు ఒక వస్తువును చూపిస్తూ ఇంకొకదాన్ని దాచేస్తాడు కదా!

ఇక కథ. 1784 జనవరి 15వ తేదీన సర్ విలియం జోన్స్ అనే సుప్రీంకోర్టు జడ్జీ కలకత్తాలో సుమారు ముప్పైమంది దొరల్ని పోగుచేసి ఏషియాటిక్ సొసైటీ పెట్టాడు. ఆసియా ఖండంలో మనిషి చేసినదీ, ప్రకృతి పుట్టించినదీ ఏదైనా సరే తమ చర్చకు తగినదేనని ఆయన ఆశయం. ఆశయం గొప్పదే. అయితే ఆసియాను గురించి చర్చించే ఆ సభలో 1829 దాకా మనవాడెవడికీ సభ్యత్వం లేదు. పెళ్ళికొడుకును వీధిలో నిలబెట్టి లోపల పెళ్ళి మాటలు మాట్లాడుకున్నట్టుంది.

దేశం నలుమూలలా ఉద్యోగాలు వెలగబెడుతున్న దొరలు దొరికినవల్లా సొసైటీకి పంపడం మొదలుపెట్టారు. శాసనాలు, నాణేలు, విగ్రహాలు, చచ్చిన పాములు, ఎండిన మొక్కలు. 1808లో పార్కు స్ట్రీటులో సొంత ఇల్లు ఏర్పడింది గాని, వచ్చిన సామానుకు యజమాని అంటూ లేడు. అప్పుడు రంగప్రవేశం చేసినవాడు ఇంగ్లీషువాడు కాదు, డెన్మార్కు దేశస్థుడు. పేరు నథానియల్ వాలిచ్. కలకత్తాకు చేరువలోని శ్రీరాంపురం అప్పట్లో డేనులది. అక్కడ ఆయన వైద్యుడు. ఐరోపాలో నెపోలియను యుద్ధాల పుణ్యమా అని 1808లో ఇంగ్లీషువాళ్ళు శ్రీరాంపురాన్ని పట్టుకున్నారు. వాలిచ్ ఖైదీ అయ్యాడు. మొక్కల శాస్త్రంలో అతని పాండిత్యం చూసి వదిలిపెట్టారు.

ఆ మాజీ ఖైదీ 1814 ఫిబ్రవరి 2న సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. ఒక మ్యూజియం పెట్టండి, నా దగ్గర ఉన్నవాటిలో రెండేసి ఉన్నవి మీకిస్తాను, జీతం లేకుండా చూసిపెడతాను అని. సొసైటీవారు వెంటనే సరేనన్నారు. మన దేశంలో మ్యూజియం అనే సంస్థ పుట్టినది ఆ ఉత్తరంలోనే. ఆసియా ఖండంలోనే మొదటివాటిలో అదొకటి.

తరవాత సొసైటీవారు తమకేం కావాలో ఒక జాబితా ప్రకటించారు. రాతిమీది, రాగిమీది శాసనాలు, దేవతల విగ్రహాలు, పాత నాణేలు, తాళపత్రాలు, ఆయుధాలు, వాయిద్యాలు, పూజా పాత్రలు, పనిముట్లు. వాటి పక్కనే ఎండబెట్టిన జంతువులు, అస్థిపంజరాలు, మొక్కలు, ఖనిజాలు. ఒకసారి ఆ వరస చూడండి. మన పూజగదిలోని పంచపాత్రా, అడవిలోని తోడేలు ఎముకా ఒకే పట్టీలో చేరాయి. బయటినుంచి వచ్చి చూసేవాడికి రెండూ నమూనాలే మరి. మ్యూజియం అనే చూపు ఇదే. ఇందులో ద్వేషం లేదు. ఆప్యాయత కూడా లేదు.

తొలి దాతల పట్టికలో మనవాళ్ళు కొద్దిమంది ఉన్నారు. సర్ధానా సంస్థానాన్ని ఏలిన బేగం సమ్రూ పేరు ఉంది. రామకమల సేన్ పేరు ఉంది. ఈ సేనుగారు అచ్చుకూటంలో నెలకు ఎనిమిది రూపాయల జీతంతో జీవితం మొదలుపెట్టి, తరవాత పెద్ద ఇంగ్లీషు-బెంగాలీ నిఘంటువు తయారుచేశారు. సొసైటీకి కార్యదర్శి అయిన తొలి భారతీయుడు ఆయనే. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేనుకు ఈయన తాత.

మ్యూజియం పసితనం దరిద్రంలో గడిచింది. 1830లలో పామర్ కంపెనీ దివాలా తీస్తే సొసైటీ డబ్బు అందులో మునిగింది. కుంఫిణీ సర్కారు ముందు చెయ్యి చాపితే, నెలకింత అని విదిలించారు. 1841లో క్యూరేటరుగా వచ్చిన ఎడ్వర్డ్ బ్లిత్ ఇరవై ఏళ్ళపాటు చాలీచాలని జీతంతో పక్షుల్నీ జంతువుల్నీ వర్గీకరిస్తూ కూర్చున్నాడు. ఆ చిన్న బల్ల దగ్గర్నుంచే ఇంగ్లండులోని డార్విన్‌కు ఉత్తరాలు రాసేవాడు. జాతుల పుట్టుకను గురించిన తన గ్రంథంలో డార్విన్ ఆయన పేరు గౌరవంగా చెప్పుకున్నాడు.

సర్కారుకు మ్యూజియంమీద నిజమైన ప్రేమ కలిగింది మాత్రం శిల్పాలను చూసీ కాదు, పక్షులను చూసీ కాదు, బొగ్గును చూసి. ఏ జిల్లాలో ఏ రాయి ఉంది, ఏ గనిలో ఏముంది అని తెలుసుకోవడానికి 1840లో ఖనిజాల మ్యూజియం ఒకటి పెట్టారు. 1851లో భూగర్భ సర్వే శాఖ వచ్చింది. రైళ్ళకూ ఓడలకూ బొగ్గు కావాలి. పొలాన్ని కొనేవాడు ముందు గట్లు కొలుచుకుంటాడు కదా, అలాగే దేశాన్ని పట్టుకున్నవాడు దేశంలోని సరుకంతా ఒకచోట వరసగా పెట్టుకుని చూసుకోవాలనుకున్నాడు.

1857 తిరుగుబాటు అణగిపోయి, 1858లో దేశం కుంఫిణీ చేతిలోంచి రాణీ చేతిలోకి పోయాక, రాజధానికి తగిన మ్యూజియం ఉండాలన్న మాటకు బలం వచ్చింది. 1866లో ఇండియన్ మ్యూజియం చట్టం చేశారు. సొసైటీ సేకరణలు ధర్మకర్తల మండలికి అప్పగించారు. 1867లో చౌరంగీ రోడ్డు పక్కన పునాదిరాయి పడింది. కలకత్తా హైకోర్టుకూ, పెద్ద తపాలా కచ్చేరీకీ నమూనాలు గీసిన వాల్టర్ గ్రాన్‌విల్ దీనికీ గీశాడు. 1875కి భవనం లేచింది. 1878 ఏప్రిల్ 1న రెండే రెండు విభాగాలతో, పురావస్తువులూ పక్షులతో, జనానికి తలుపులు తెరిచారు. పక్షుల గదిలో గడ్డి కూరిన కొంగలు, పురావస్తువుల గదిలో అశోకుడి కాలం.

జనం విరగబడ్డారు. పల్లెటూళ్ళనుంచి కాళీమాత దర్శనానికి వచ్చినవాళ్ళు దీన్నీ చూసి పోవడం అప్పుడే అలవాటైంది. వీళ్ళు చదవడానికి రాలేదు, నోళ్ళు వెళ్ళబెట్టి చూడడానికి వచ్చారని విసుక్కున్న అధికారులున్నారు. చీటీలన్నీ ఇంగ్లీషులో రాసిపెట్టి, జనం చదవడం లేదని విసుక్కోవడం ఏం న్యాయమో!

ఇప్పుడు లోపలికి వెళ్దాం. అన్ని గదులూ తిరగవద్దు. కాళ్ళు లాగుతాయి. బర్హుత్ గది ఒక్కటి చూస్తే నేను చెప్పదలచింది తెలుస్తుంది.

బర్హుత్ అనేది మధ్యప్రదేశ్‌లో సత్నా దగ్గర ఒక పల్లె. 1873లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అక్కడికి వెళ్ళేసరికి, క్రీస్తుకు పూర్వం కట్టిన బౌద్ధస్తూపం చాలావరకు మాయమైపోయింది. ఎక్కడికి పోయిందయ్యా అంటే ఊళ్ళోకి పోయింది. స్తూపం ఇటుకలే ఇళ్ళ గోడలయ్యాయి. మిగిలినది స్తూపం చుట్టూ ఉండిన రాతి ప్రాకారంలో కొంతభాగం, తూర్పు తోరణం. వాటిని తవ్వించి, బళ్ళమీదా రైలుమీదా కలకత్తాకు తరలించాడు. ఇది దౌర్జన్యం లాగుంది, మా దేశంలో ఇలాంటి పురాతన రాళ్ళను ఇలా బండెక్కిస్తే ఊరుకుంటామా అని తోటి ఇంగ్లీషువాళ్ళే ఆక్షేపించారు. ఆ నింద భరిస్తాను, రాళ్ళు దక్కాయి అది చాలు అన్నాడు కన్నింగ్‌హామ్. అక్కడ వదిలేసిన రాళ్ళలో కదిలేవల్లా తరవాత ఊరివాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికి పట్టుకుపోయారని కూడా రాశాడు. నిజమే. ఆయన తేకపోతే ఇవాళ ఆ ఎర్రరాళ్ళు మనకు లేవు.

ఇంతకీ ఆ రాళ్ళమీద ఏముంది? బుద్ధుడి పూర్వజన్మ కథలున్నాయి. జేతవనం కొన్న కథ ఉంది. అనాథపిండికుడనే వర్తకుడు తోటంతా నాణేలు పరిచి, ఆ ధరకు కొని, బుద్ధుడికి దానమిచ్చాడు. శిల్పి బళ్ళు విప్పి పక్కన నిలబడిన ఎద్దుల్నీ, నేలమీద పలకలు పలకలుగా పరిచిన నాణేలనీ చెక్కి, కింద ఆ కథ ఏదో రెండు ముక్కల్లో బ్రాహ్మీ లిపిలో రాసిపెట్టాడు. బొమ్మకింద చీటీ అన్నమాట! రెండువేల ఏళ్ళ క్రితమే ఆ స్తూపం ఒక మ్యూజియం, తన చీటీలు తానే రాసుకుంది.

అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటుంది. స్తంభాలమీదా అడ్డరాళ్ళమీదా అవి ఎవరు ఇచ్చారో చెక్కారు. రాజులే కాదు, భిక్షువులున్నారు, భిక్షుణులున్నారు, గృహస్థులున్నారు. మొదటి స్తంభం ఇచ్చింది విదిశ నగరానికి చెందిన చాపదేవి అనే ఆవిడ, రేవతీమిత్రుడి భార్య. ఆవిడ డబ్బు ఎలా కూడబెట్టిందో, ఎంత దూరంనుంచి ఎంత భక్తితో పంపిందో మనకు తెలీదు. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గదిలో చాలాసేపు నిలబడి నేను రెండు రకాల చీటీలను చూస్తూ ఉండిపోయాను. రాతిమీది చీటీ ఇచ్చినావిడ పేరు చెబుతోంది. గోడమీది చీటీ తెచ్చినవాడి పేరు చెబుతోంది. ఇచ్చినవాళ్ళకూ తెచ్చినవాళ్ళకూ నడుమ ఉన్న ఇరవై శతాబ్దాలవాళ్ళు, రాయిని మోసినవాళ్ళు, తవ్వినవాళ్ళు, బండి తోలినవాళ్ళు, ఏ చీటీలోనూ లేరు.

ఈ బాధ నా ఒక్కడిదే కాదు. మొహంజొదారోను లోకానికి చూపిన రాఖాల్‌దాస్ బందోపాధ్యాయ ఈ మ్యూజియంలో పనిచేసి పైకి వచ్చినవాడే. ఆయన 1914లో బెంగాలీలో పాషాణేర్ కథ అనే చిన్న పుస్తకం రాశారు. అందులో కథ చెప్పేది బర్హుత్ స్తూపంలోని ఒక రాయి. శాస్త్రజ్ఞుడికి కూడా, చీటీలో పట్టని సంగతులు చెప్పడానికి కథే దిక్కయింది చూడండి. సీరియల్ నవలలు చదివే మన పాఠకులకు ఆ రాయి కథ తప్పక నచ్చి ఉండేది.

ఇక మన అమరావతి విషయం. బర్హుత్ కథ వింటున్నప్పుడే మీలో కొందరికి అమరావతి గుర్తొచ్చి ఉంటుంది. పద్ధెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లినుంచి అమరావతికి తరలివచ్చి కొత్త పట్నం కట్టిస్తున్నారు. దీపాలదిన్నె అని పిలిచే ఒక దిబ్బలో ఇటుకలూ రాళ్ళూ తేరగా దొరికాయి. ఇటుకలు ఇళ్ళకు పోయాయి. చెక్కిన పలకలు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని సున్నం బట్టీలో పడ్డాయి. 1798లో కుంఫిణీ సర్వేదారు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేటప్పటికి దిబ్బ నడిమి భాగం తవ్వేసి చెరువు చేస్తున్నారు. ఆయన మనుషులతో కొలతలు వేయించి, ఎనభైకి పైగా బొమ్మలు గీయించాడు. కొన్ని పలకలు కలకత్తాకు, ఏషియాటిక్ సొసైటీకి పంపాడు. జాదూఘరులో అమరావతి రాళ్ళు కనిపించడానికి కారణం అదే.

మెకంజీకి తెలుగు రాదు, సంస్కృతం రాదు. ఊరూరా కైఫీయతులు రాయించినదీ, తాళపత్రాలు సంపాదించినదీ, శాసనాలు చదివించినదీ ఏలూరికి చెందిన కావలి సోదరులు. అన్న వెంకట బొర్రయ్యగారు 1796లో ఆయన దగ్గర చేరి, 1803లో చిన్న వయసులోనే పోయారు. తరవాత లక్ష్మయ్యగారు ఆ పని నెత్తిన వేసుకున్నారు. ఇంకో సోదరుడు రామస్వామిగారు దక్షిణాపథ కవుల చరిత్రలు ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చువేయించారు. మన కవుల చరిత్రలు చెప్పుకునేవాళ్ళందరికీ అదొక ముత్తాత పుస్తకం. మెకంజీ సర్వేయర్ జనరలై కలకత్తా వెళ్తే లక్ష్మయ్యగారూ వెంట వెళ్ళారు. 1821లో మెకంజీ చనిపోయాడు. ఆ సేకరణకు సర్కారు లక్షరూపాయలు ఆయన భార్యకిచ్చి కొనుక్కుంది.

మిగిలిన పని నేను పూర్తి చేస్తాను, అనుమతి ఇప్పించండి అని లక్ష్మయ్యగారు 1830లలో అర్జీ పెట్టుకున్నారు. అది ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. బ్రాహ్మీ లిపిని చదివి అశోకుణ్ణి మనకు తిరిగి ఇచ్చిన మహానుభావుడు, ఆయన పాండిత్యానికి చెయ్యెత్తి నమస్కరించాల్సిందే. కాని సొసైటీ సంఘం చెప్పిన జవాబు ఏమిటంటే, ఇటువంటి విమర్శనాత్మకమైన పనికి లక్ష్మయ్య గాని, ఆ మాటకొస్తే ఏ దేశీయుడు గాని సరిపోడని. పాతికేళ్ళకు పైగా ఆ పనే చేసినవాడికి ఆ పని చేత కాదన్నారు. జాదూఘరుకు తల్లి అయిన సంస్థ, మన తెలుగువాడికి చెప్పిన మాట అది.

వలసపాలన అంటే తుపాకులూ, పన్నులూ అని పిల్లలకు పాఠం చెబుతాం. ఇది కూడా చెప్పాలి. వస్తువు పోతే ఏనాటికైనా తిరిగి రావచ్చు. "నీ వస్తువును నువ్వు చదవలేవు" అన్న మాట మనసులో నాటుకుంటే మటుకు తరాలు పడుతుంది పీకడానికి.

ఒకసారి తరగతిలో ఈ సంగతులు చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, "అయితే మాస్టారూ, వాళ్ళు మనల్ని దోచుకున్నట్టా, మన వస్తువుల్ని కాపాడినట్టా?" అన్నాడు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "మన ఊళ్ళో ఉంటే సున్నం అయిపోయేవిగా మాస్టారూ" అంది. ఇద్దరూ ఒకరికొకరు జవాబు చెప్పుకుంటారని ఊరుకున్నాను. గంట కొట్టేదాకా తేలలేదు.

తేలకపోవడానికి కారణం ఉంది. కాపాడారన్న మాటలో నిజం ఉంది, సగం మాత్రమే ఉంది. అదే అమరావతిలో 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు ఏళ్ళ తరబడి మద్రాసులో ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కించి లండను పంపితే, 1867 ప్రాంతంలో ఫెర్గూసన్ అనే పండితుడికి అవి ఒక బండ్ల కొట్టంలో కనిపించాయి. 1880లో గాని బ్రిటిష్ మ్యూజియంలో చోటు దక్కలేదు. అదే సంవత్సరం మద్రాసు గవర్నరు దిబ్బనంతా తవ్వి శుభ్రం చెయ్యమని హుకుం జారీ చేస్తే, స్తూపం ఉన్నచోట పెద్ద గొయ్యి మిగిలింది. ఏ రాయి ఎక్కడ నిలబడి ఉండేదో చెప్పగల ఆనవాళ్ళు ఆ మట్టితో పోయాయి. జమీందారుగారి పట్నానికి కొంత పోయింది, శాస్త్రజ్ఞుల ఆత్రానికి కొంత పోయింది.

జాదూఘరు చరిత్రలోనే ఇంకొకటి చూడండి. జంతువుల విభాగం 1916లో జూలాజికల్ సర్వేగా వేరుపడింది. రెండో ప్రపంచయుద్ధంలో కలకత్తామీద బాంబులు పడతాయన్న భయంతో 1942లో ఆ సేకరణలను క్షేమంగా ఉంటాయని కాశీకి తరలించారు. 1943లో అక్కడ వరుణానదికి వరద వచ్చి చాలా నమూనాలు నీళ్ళపాలయ్యాయి. 2013లో మరమ్మతుల సమయంలో రాంపూర్వా అశోకస్తంభపు సింహం జరుపుతుండగా దెబ్బతింది. దొరల చేతిలోనైనా, మన చేతిలోనైనా, కాపాడడం అనేది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదని వీటి తాత్పర్యం. చంటిబిడ్డ పెంపకంలాంటిది, ఏ రోజుకా రోజు చెయ్యాలి.

స్వాతంత్ర్యం వచ్చాక మనం ఆ ఇంటిని కూలగొట్టలేదు. మనదే అనుకున్నాం. మన రాజ్యాంగంలో ఏడో షెడ్యూలు తీసి కేంద్ర జాబితాలో 62వ అంశం చూడండి. జాతీయ గ్రంథాలయం పక్కనే ఇండియన్ మ్యూజియం పేరు స్పష్టంగా ఉంది. పరాయివాళ్ళు మనల్ని చూసుకోవడానికి పెట్టిన అద్దంలో ఇకనుంచి మన మొహం మనమే చూసుకుంటామని దాని అర్థం. 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థకు రెండువందల ఏళ్ళు నిండాయి. వాలిచ్ ఉత్తరం రాసిన రోజే ఉత్సవం జరిగింది.

కాని పేరు మార్చినంత సులభంగా పాత లెక్కలు చెల్లవు. ఈ మధ్య జరిగినదే చెబుతాను. 1898లో నేపాలు సరిహద్దు దగ్గర పిప్రావా అనే చోట పెప్పే అనే దొర తన ఎస్టేటులోని స్తూపాన్ని తవ్వించాడు. ఒక పెద్ద రాతిపెట్టె, అందులో చిన్న భరిణెలు, బుద్ధుడివని శాసనం చెప్పే అస్థికలు, వాటితోపాటు వందలకొద్దీ రత్నాలు దొరికాయి. అస్థికలు సయాం రాజుకు బహూకరించారు. రాతిపెట్టె, భరిణెలు, రత్నాలలో ఎక్కువ భాగం ఇండియన్ మ్యూజియానికి వచ్చాయి. మిగిలిన కొంతభాగం ఆ దొరను ఉంచుకోనిచ్చారు. నూటపాతికేళ్ళు ఆ కుటుంబంలో ఉండి, 2025 మే నెలలో ఆ రత్నాలు హాంకాంగులో వేలానికి వచ్చాయి! మన ప్రభుత్వం అభ్యంతరం చెబితే వేలం ఆగింది. జూలై నెలాఖరుకు గోద్రెజ్ సంస్థ సాయంతో అవి దేశానికి తిరిగి చేరాయి.

వార్త చదివి అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను. కాని ఒక్కమాట ఆలోచించండి. ఆ రత్నాలు ఎవరివి? అస్థికలతోపాటు, ఎప్పటికీ ఎవరూ తియ్యకూడదని, ఎవరో భక్తులు నేలలో దాచిపెట్టినవి. చాపదేవిలాంటి ఏ తల్లో తన మెడలోంచి, చెవులలోంచి తీసి వేసినవి కావచ్చు. వాటిని దొరకు ఇవ్వడానికి అప్పటి సర్కారుకు ఏ హక్కు ఉంది? మనం గాజుపెట్టెలో పెట్టి టిక్కెట్టు పెట్టడానికి మాత్రం మనకు ఎంత హక్కు ఉంది? రెండో ప్రశ్న అడగకుండా మొదటి ప్రశ్న మాత్రమే అడిగితే మనం కూడా గారడీవాడి చెయ్యే చూస్తున్నామన్నమాట.

నా మట్టుకు నా అభిప్రాయం ఇది. తిరిగి ఇమ్మని అడగవలసినవి అడగాలి. సిగ్గుపడనక్కరలేదు, కోపగించుకోనూ అక్కరలేదు. మన వస్తువును అడగడానికి మర్యాదగల మాట చాలు. దానితోపాటు, ఏ మ్యూజియమైనా సరే, లండనుదైనా కలకత్తాదైనా, చీటీలు తిరిగి రాయాలి. "అమరావతి, క్రీ.శ. రెండో శతాబ్దం, సున్నపురాయి" అంటే చాలదు. ఏ దిబ్బలోనుంచి ఏ సంవత్సరంలో తీశారు, ఎవరి అధికారంతో తీశారు, ఎవరు చదివి పెట్టారు, దారిలో ఏం పోయింది అని నాలుగు ముక్కలు ఉండాలి. తెలుగునాటి రాయి అయితే ఆ నాలుగు ముక్కలూ తెలుగులో కూడా ఉండాలి. కావలి లక్ష్మయ్య అన్న పేరు ఆ గోడమీద ఒక్కసారి కనిపిస్తే, 1830లలో చెప్పిన మాటకు అంతకంటె పెద్ద జవాబు అక్కరలేదు.

మరి మనవంతు? మనవంతు చాలా ఉంది. మనలో ఎంతమంది ఊళ్ళల్లో చాకిరేవు బండమీద అక్షరాలు లేవు? వీరగల్లు గేదెను కట్టే గుంజకు ఆనుకుని లేదు? శాసనం ఉన్న స్తంభానికి గుడి జీర్ణోద్ధరణ పేరుతో రంగులు కొట్టలేదు? దీపాలదిన్నెలో ఇటుకలు మోసినవాళ్ళను తప్పుపట్టేముందు, మన వీధి చివర ఉన్న రాయి ఏమిటో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూడాలి. అక్షరాలు కనిపిస్తే ఫొటో తీసి జిల్లాలోని పురావస్తు శాఖవారికి పంపవచ్చు. అంతమాత్రానికి డాక్టరేటు అక్కరలేదు.

ఇక ఈసారి కలకత్తా వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. జాదూఘరుకు పొద్దున్నే వెళ్ళండి. మమ్మీని చూడందే పిల్లలు ఊరుకోరు గనక ముందు అది చూపించెయ్యండి. తరవాత ఒక్క గది, బర్హుత్ గది ఎంచుకోండి. తోరణం కింద నిలబడి చాపదేవి పేరు ఏ స్తంభంమీద ఉందో అడిగి తెలుసుకోండి. అక్కడినుంచి అమరావతి రాళ్ళ దగ్గరికి వెళ్ళి, పిల్లలకు ఏలూరివాళ్ళ కథ చెప్పండి. చీటీలో లేదు గనక మీరే చెప్పాలి. మా దూరపు బంధువు ఒకావిడ అక్కడి బుద్ధుడి విగ్రహం ముందు చేతులు జోడించి, పదిరూపాయల బిళ్ళ పెట్టబోతే కాపలా మనిషి వద్దన్నాడట. "పోనీలే నాయనా, మొక్కు నాది" అని బిళ్ళ చీరకొంగున ముడివేసుకుని వచ్చేసింది. ఆవిడకు ఏ చీటీ అవసరం లేకపోయింది. మనబోటివాళ్ళకు మాత్రం కావాలి, అది సరిగ్గా రాసి ఉండాలి.